వెర్లీన్ కోసం ఒక లా కాలేజీ

మిల్ వీధిలో నా బ్యూటీ పార్లర్ మేడ మీద ఉండేది. కింది వాటాలో చెప్పులు బాగుచేసే కొట్టు నడిచేది. ఆ కొట్టాయన డెట్రాయిట్ వెళ్ళిపోయాక వాటా ఖాళీగా పడి ఉంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మూడో ఏడు ప్రభుత్వం వాళ్ళొచ్చి దాన్ని అద్దెకు తీసుకుని, లోపల తోలు వాసన ఇంకా పోకముందే 'రాష్ట్ర నల్లజాతి న్యాయ కళాశాల' అని బోర్డు కొట్టారు. ముగ్గురు ప్రొఫెసర్లు, లైబ్రరీ చూసుకోవడానికి ఒక కుర్రాయన, ఊడ్చి తుడవడానికి ఒక మనిషి. చదువుకునేది మాత్రం ఒక్కతే. ఆ ఒక్కతే మా వెర్లీన్ టాలివర్.

వెర్లీన్ తండ్రి టాలివర్ గారు మా పేటలో శవసంస్కారాల వ్యాపారం చేసేవారు. పోయిన ఆడవాళ్ళకి ఆఖరి ముస్తాబు చేసే పని నాది కాబట్టి, ఆ పిల్ల నాకు పసితనం నుంచీ తెలుసు. పెద్దదయ్యాక శవాల బండి తనే నడిపేది. ఒకసారి కోతమిల్లులో రంపానికి బలైపోయిన ఒకతన్ని శ్మశానానికి తీసుకెళ్ళింది. పెట్టె గోతిలోకి దించుతుండగా మిల్లు గుమాస్తా కాగితం పట్టుకుని వచ్చాడు. తప్పు మిల్లుది కాదని పోయినతని భార్య చేత అక్కడికక్కడే సంతకం పెట్టించుకున్నాడు. కన్నీళ్ళలో ఆమెకి గీత ఎక్కడ పెట్టాలో కనిపించకపోతే, వేలు పట్టుకుని మరీ చూపించాడు. బండి దగ్గర నిలబడి వెర్లీన్ ఇదంతా చూసింది.

ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. "మా నాన్న మనుషుల్ని బాగానే సాగనంపుతాడు పిన్నీ. కాని ఆయన వచ్చేసరికే అంతా అయిపోతుంది. ఆయన కన్నా ముందు వెళ్ళే మనిషి ఒకరుండాలి మనకి" అంది.

రాష్ట్రం మొత్తం మీద మా వాళ్ళలో ప్లీడర్లని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువ. వెర్లీన్ రాష్ట్ర యూనివర్సిటీ లా కాలేజీకి దరఖాస్తు పెట్టింది. నీ చదువు బాగుంది, నీ మార్కులు బాగున్నాయి, నీ రంగే బాగులేదని వాళ్ళు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. ఉత్తరాదికి పోయి చదువుకుంటానంటే రైలు చార్జీతో సహా మొత్తం ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుందని కూడా రాశారు. మా పిల్లల బడికి బొగ్గు కొనమంటే ఏళ్ళ తరబడి ఖజానా ఖాళీ అన్నవాళ్ళు, మాలో ఒకరిని పొలిమేర దాటించడానికి అంత ధారాళంగా ఉంటారని మాకు అప్పటిదాకా తెలీదు.

వెర్లీన్ రైలెక్కలేదు. కోర్టుకెక్కింది. మా హక్కుల సంఘం తరఫున డాండ్రిడ్జ్ అనే ప్లీడరు వచ్చాడు. కేసు వేసినందుకు ఆ పిల్ల ఉద్యోగం ఊడగొట్టాలని గవర్నరు మనుషులు చాలా చూశారు. కాని శవాల బండి నడిపేదాన్ని ఎవరికి చెప్పి తీయిస్తారు? టాలివర్ గారి దగ్గరికి ఒక పెద్దమనిషి వచ్చి, "మీ అమ్మాయి వల్ల మీ వ్యాపారం దెబ్బతినొచ్చు" అన్నాడట. "మా దగ్గరికి వచ్చేవాళ్ళెవరూ ఇంతవరకూ అలిగి వెనక్కి పోలేదండీ" అని ఆయన నెమ్మదిగా చెప్పి పంపించాడు.

వేరుగా ఉంచితే ఉంచారు గాని సమానంగా ఉంచండి అన్నది అప్పటి చట్టం. జడ్జి అదే చదివి వినిపించాడు. ఈ అమ్మాయికి రాష్ట్రంలో చదువుకునే చోటు చూపించండి, లేదంటే ఉన్నచోట చేర్చుకోండి అన్నాడు. ఏటి మీద వంతెన కావాలని మా తాతల నాటి నుంచీ అడుగుతున్నాం. శాసనసభ ఇంకా ఆలోచిస్తూనే ఉంది. అదే శాసనసభ మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని, రాత్రి భోజనానికి లేచేలోగా ఒక లా కాలేజీ పుట్టించింది.

వెర్లీన్ అందులో చేరడం డాండ్రిడ్జ్‌కి బొత్తిగా ఇష్టం లేదు. "వెళ్ళకమ్మా. గుమ్మంలో కాలు పెట్టావంటే అది కాలేజీ అని ఒప్పుకున్నట్టే" అన్నాడు.

"రుచి చూడకుండా ఉప్పు లేదని సాక్ష్యం చెప్పమంటారా సార్?" అంది వెర్లీన్.

"ఇరుక్కుపోతావు."

"ఇరుక్కుంటే ఎక్కడుంటాను? ఐడెల్లా పిన్ని కాళ్ళ కిందేగా."

ఆయన టాలివర్ గారి వైపు చూశాడు. "నా వైపు చూడకండి. నా మాట వినే రకమైతే ఈపాటికి పెళ్ళి చేసుకుని ఉండేది" అన్నాడాయన.

అలా కాలేజీ మొదలైంది. మా మేడ నేల పాత చెక్కలది. సందుల్లోంచి కింద దగ్గినా వినిపిస్తుంది. ఒప్పందాలు, ఆస్తులు, నేరాలు, మా పార్లర్‌కి వచ్చే ఆడవాళ్ళు జుట్టు ఆరేలోగా అన్నీ కొంచెం కొంచెం విన్నారు.

పెద్ద ప్రొఫెసరు పేరు క్రెన్షా. పొడుగ్గా, వంగి నడిచే తెల్లాయన. యూనివర్సిటీలో ఇరవై ఏళ్ళు చెప్పాడు. మొదటి రోజే ఆయనకి ఒక చిక్కు వచ్చిపడింది. లా కాలేజీలో విద్యార్థుల్ని పేరు పెట్టి పిలవరు, మిస్టర్ ఫలానా, మిస్ ఫలానా అంటారు. కాని నల్లపిల్లని 'మిస్' అనడం మా ఊళ్ళో ఏ తెల్లాయనకీ నోరు తిరగని మాట. వెర్లీన్ అని పిలుద్దామా అంటే పాఠం చెప్పే గదిలో వంటమనిషిని కేకేసినట్టుంటుంది. పాపం, రాత్రంతా ఆలోచించుకున్నాడు కాబోలు, మర్నాటికి ఒక దారి కనిపెట్టాడు.

"క్లాసు వచ్చిందా?" అనేవాడు.

"వచ్చింది సార్."

"అందరూ?"

"అందరూ సార్."

"అయితే క్లాసు పుస్తకం తెరవొచ్చు."

క్లాసుకి జలుబు చేసింది. క్లాసు ఒకరోజు పెదనాన్న అంత్యక్రియలకి వెళ్ళింది. పరీక్షలో క్లాసుకి మొదటి స్థానం వచ్చింది. ఆఖరి స్థానం కూడా తనదే. మేడ మీద మేం నోళ్ళు నొక్కుకుని నవ్వేవాళ్ళం. వెర్లీన్ మాత్రం నవ్వేది కాదు. "నేను చదువుకోవడానికి వచ్చాను పిన్నీ, ఆయన ఎలా పిలిస్తే నాకేం?" అనేది. అంటున్నప్పుడు గొంతులో చిన్న గరుకు ఉండేది.

ఈస్టర్ పండగ ముందు క్రెన్షా మెట్లెక్కి పైకొచ్చాడు. గుమ్మంలో టోపీ తియ్యాలో వద్దో తేల్చుకోలేక సగం పైకెత్తి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఐడెల్లా, ఏదో కాలుతున్న వాసన వస్తోంది."

"జుట్టండీ."

"ఎవరికైనా అంటుకుందా?"

"లేదండీ. జుట్టు సాఫీ చేసే వేడి దువ్వెన. పండగొస్తోంది కదా."

"మధ్యాహ్నం నేను ఒప్పందాల చట్టం చెప్తాను. ఆ కాసేపు ఆపగలవా?"

కుర్చీలో కూర్చున్న సగ్స్ ఆవిడ అద్దంలోంచే ఆయన్ని చూసింది. ఆవిడ మా పేట చర్చిలో పాటల బృందానికి పెద్ద. "ఒక పక్క జుట్టు సాఫీగా, ఇంకో పక్క ఉంగరాలుగా చర్చికి వెళ్ళమంటారా అండీ? ఈవిడతో నాకూ ఒప్పందం ఉంది. మీరు నిన్న చెప్పారుగా, మధ్యలో మానేస్తే నష్టపరిహారం కట్టాలని" అంది.

ఆయన "అది సరైన అన్వయమే" అని గొణుక్కుంటూ దిగిపోయాడు.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఈసారి టోపీ చేతిలోనే ఉంది. లా కాలేజీ అన్నాక ఉత్తుత్తి విచారణ ఒకటి జరిపించాలి. తను జడ్జి, ఇటు వెర్లీన్, అటు లైబ్రరీ కుర్రాయన పీల్. కాని జ్యూరీకి మనుషుల్లేరు. యూనివర్సిటీ నుంచి తెల్ల విద్యార్థుల్ని పంపమని అడిగితే, నల్లవాళ్ళ కాలేజీలో తెల్లవాళ్ళు కూర్చోవడం చట్టవిరుద్ధమని జవాబొచ్చిందట.

"మీ దగ్గర ఎప్పుడూ ఆరుగురైనా ఉంటారుగా" అన్నాడు.

అలా సగ్స్ ఆవిడ, నేను, ఇంకో నలుగురం, తలల నిండా జుట్టు చుట్టిన రోలర్లతో, మెడల్లో తువ్వాళ్ళతో కిందికి దిగాం. ఒకాయన కంచరగాడిద పొరుగాయన తోటలో దూరి క్యాబేజీలు తినేసింది, తోటాయన దాని కాలు విరగ్గొట్టాడు. ఇదీ కేసు. వెర్లీన్ గాడిద యజమాని తరఫున నిలబడింది. ఆ పిల్ల అంత బాగా మాట్లాడుతుందని నాకు అప్పటివరకూ తెలీదు. పీల్ లేచి రెండు ముక్కలు అని, మూడోది మర్చిపోయి, చెమట తుడుచుకుని కూర్చున్నాడు.

మేం పైకెళ్ళి కాఫీ పెట్టుకుని చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. కిందికొచ్చాక సగ్స్ ఆవిడ లేచింది.

"గాడిదది తప్పు కాదండీ. ఆకలేసింది, తింది. ఐదు ఓట్లు వెర్లీన్‌కి."

"ఆరోది?"

"నాదేనండీ. ఆ అబ్బాయికి వేశాను. ఒక్కటైనా రాకపోతే ఏడ్చేట్టున్నాడు. ఇంట్లో తిండి సరిగ్గా పెడుతున్నట్టు లేరు."

"ఓటు సాక్ష్యాన్ని బట్టి వెయ్యాలి" అన్నాడు క్రెన్షా.

"నేనూ సాక్ష్యాన్ని బట్టే వేశానండీ. ఆ మెడ చూడండి, కొంగ మెడలా లేదూ."

అందరం నవ్వాం. పీల్ కూడా నవ్వాడు. వెర్లీన్ మాత్రం కాగితాలు సర్దుకుని విసవిసా మెట్లెక్కి పోయి నా కుర్చీలో కూలబడింది. గెలిచిన మనిషి మొహం కాదది.

"ఏమైందే?" అన్నాను వెనకే వెళ్ళి.

"మీరు నా వాళ్ళు పిన్నీ. నేను అటువైపు వాదించినా నాకే వేసేవాళ్ళు."

"వేస్తే తప్పా?"

"రేపు నిజం కోర్టులో నా ఎదురుగా నిలబడేది పీల్ కాదు. మిల్లు ప్లీడరు. అతనూ, జడ్జీ, పన్నెండుగురు జ్యూరీ అందరూ యూనివర్సిటీ వాళ్ళ ఆ పెద్ద భవనంలోంచి వచ్చినవాళ్ళో వాళ్ళ బంధువులో అయ్యుంటారు. వాళ్ళతో ఇప్పట్నించీ పోట్లాడకపోతే అప్పుడేం పోట్లాడతాను? ఇక్కడ నాకు గోడతో టెన్నిస్ ఆడుతున్నట్టుంది."

ఈ మాటే తర్వాత కోర్టులో చెప్పింది.

కాలేజీ సమానమా కాదా అని తేల్చే విచారణకి ముందు జడ్జి స్వయంగా చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ముందురోజు లారీ నిండా పుస్తకాలు దిగాయి. చెప్పుల కొట్టాయన వదిలేసిన అరల్లో, జోళ్ళు ఉండేచోట తోలు అట్టల పుస్తకాలు వరసగా నిలబెట్టారు. జడ్జి ఒకటి తీసి తెరిచాడు. మొదటి పేజీలో యూనివర్సిటీ ముద్ర, ఎల్లుండికల్లా తిరిగివ్వాలనే చీటీ. అది చదివి, మూసి, ఎక్కడిది అక్కడ పెట్టి, "మంచి సేకరణ" అన్నాడు.

విచారణకి మేమంతా వెళ్ళి, మాకు కేటాయించిన పై బాల్కనీలో కూర్చున్నాం. ప్రభుత్వ ప్లీడరు గది కొలతలు చదివాడు. యూనివర్సిటీలో తలకి ఇంత జాగా, ఇక్కడ తలకి అంతకి ఎన్నో రెట్లు. అక్కడ నలభై మందికి ఒక ప్రొఫెసరు, ఇక్కడ ఒకరికి ముగ్గురు. "నిజానికి ఇందులో అన్యాయం జరిగింది ఎవరికైనా ఉంటే, అది తెల్ల విద్యార్థులకే" అన్నాడు. తెల్ల విద్యార్థుల తరఫున ఎవరూ కేసు వెయ్యకపోవడం మా అదృష్టం.

క్రెన్షాని బోనెక్కించారు. డాండ్రిడ్జ్ అడిగాడు.

"మీ క్లాసులో చర్చ జరుగుతుందా?"

"జరుగుతుంది."

"ఎవరెవరి మధ్య?"

క్రెన్షా నోరు తెరిచి ఆగాడు. క్లాసుకీ క్లాసుకీ మధ్య అని ప్రమాణం చేసి చెప్పలేడు గదా. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాకూ, మిస్ టాలివర్‌కీ మధ్య."

వాంగ్మూలం రాసుకునే గుమాస్తా తలెత్తి, "ఎలా రాయమంటారు?" అని జడ్జిని అడిగాడు.

జడ్జి చాలాసేపు ఆలోచించాడు. "చెప్పినట్టే రాయి. తప్పు సాక్షిది, మనది కాదు" అన్నాడు.

నా పక్కన టాలివర్ గారు జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. శవాల మధ్య ముప్పై ఏళ్ళు బతికిన మనిషి కళ్ళు తడవడం చూడటం నాకదే మొదటిసారి.

తర్వాత వెర్లీన్ లేచింది. నీకు అక్కడ ఏం తక్కువైందో చెప్పమన్నాడు ప్రభుత్వ ప్లీడరు.

"పోట్లాడటానికి మనుషులండీ."

"అదొక్కటేనా? ప్రభుత్వం తోటి విద్యార్థిని ఒకరిని జీతమిచ్చి పెట్టగలదు."

"జీతం తీసుకునేవాళ్ళు ఓడిపోతారండీ. నాకు గెలవాలని చూసేవాళ్ళు కావాలి. వాళ్ళెలా ఆలోచిస్తారో నాకు తెలియాలి. నేనెలా ఆలోచిస్తానో వాళ్ళకి తెలిసినా నష్టం లేదు."

అయినా జడ్జి, జాగా చాలినంత ఉంది కాబట్టి సమానత్వం కూడా చాలినంత ఉందని తీర్పిచ్చాడు. రాష్ట్రంలో పై కోర్టు కూడా అవునంది. డాండ్రిడ్జ్ వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. అక్కడ తొమ్మిదిమంది కూర్చుని, ఏడాది పైన గడిచాక, ప్లీడరు చదువు గోడల మధ్య ఉండదు, మనుషుల మధ్య ఉంటుంది, ఆ అమ్మాయిని చేర్చుకోండి అన్నారు. ఆ వార్త రేడియోలో వచ్చినప్పుడు వెర్లీన్ తల నా బేసిన్‌లో ఉంది. లేచి కూర్చుంది. మెడ మీదుగా సబ్బు నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "ఇంకోసారి చెప్తారేమో విందాం" అంది.

యూనివర్సిటీ వాళ్ళు చట్టానికి తలవంచే మనుషులు. చేర్చుకోమన్నారు, చేర్చుకున్నారు. ఎక్కడ కూర్చోబెట్టాలో తీర్పులో లేదు గనక, క్లాసు గదిలో ఒక మూల కుర్చీ వేసి, దాని చుట్టూ నడుమెత్తు చెక్క కటకటాలు కట్టించారు. లైబ్రరీలో పాత పత్రికల బీరువా వెనక ఒక బల్ల. భోజనశాలలో అందరూ తిని లేచాక వెర్లీన్ వంతు.

ఆ శనివారం పార్లర్‌కి వచ్చి, తలకి నూనె రాయించుకుంది.

"కింద ఉన్నప్పుడు ఒక్కదాన్నే ఉన్నాను పిన్నీ. అయినా మీ అడుగులు వినపడేవి. అక్కడ వందమంది మధ్య కూర్చుంటే నా ఊపిరి నాకే వినిపిస్తోంది" అంది. అద్దంలో ఆ పిల్ల కళ్ళు చూసి, నేను దువ్వెన చల్లారిపోయేదాకా ఊరికే నిలబడ్డాను.

"మానేస్తావా?"

"కటకటాలు కట్టడానికి వాళ్ళు పడ్డ శ్రమ వృథా అయిపోదూ?" అంది. ఏడుపూ నవ్వూ కాని ఒక చప్పుడు చేసింది.

కటకటాలతో వచ్చిన చిక్కేమిటంటే, అవి మరీ అనువుగా ఉన్నాయి. వాన పడితే కుర్రాళ్ళు వాటి మీద కోట్లు ఆరేసుకునేవాళ్ళు. ఒకరోజు కోటు తీసుకోబోయిన ఒకతను, వెర్లీన్ రాసుకున్నది పైనుంచి చూసి, "అది తప్పు" అన్నాడు.

"ఎందుకు తప్పు?" అంది వెర్లీన్.

అతను చెప్పాడు. ఆవిడ కాదంది. ఇంకో ఇద్దరు మోచేతులు కటకటాల మీద ఆనించి ఆ గొడవలో దూరారు. ప్రొఫెసరు వచ్చి, మొహం చిట్లించి, నిబంధనల కాగితం తీసి చదివాడు. కటకటాలు దాటకూడదని ఉంది గాని వాటి మీదుగా పోట్లాడకూడదని ఎక్కడా లేదు. ఆ వారం నా దగ్గరికి వచ్చినప్పుడు వెర్లీన్ గొంతు బొంగురుపోయి ఉంది. ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్న మనిషిలా ఉంది.

ఇంకో రాష్ట్రంలో ఇంకెవరినో ఇలాగే మూల కూర్చోబెడితే, అదీ చెల్లదని వాషింగ్టన్ నుంచి ఇంకో తీర్పొచ్చింది. మర్నాటి పొద్దుటికి కటకటాలు లేవు. కోట్లు ఎక్కడ పెట్టుకోవాలని విద్యార్థులు ఫిర్యాదు చేశారు.

కింద మా వాటాలో కాలేజీ మాత్రం అలాగే ఉంది. తెరవమని శాసనం ఉంది, ముయ్యమని లేదు. మిగతా ఇద్దరు ప్రొఫెసర్లూ ఎక్కడో చూసుకున్నారు. క్రెన్షాని యూనివర్సిటీ వెనక్కి తీసుకోలేదు. ఆ ఒక్క 'మిస్' ఆయన్ని వెంటాడింది. రోజూ పొద్దున్నే వచ్చి, ఖాళీ గదిలో సాయంత్రం దాకా కూర్చునేవాడు. మాకు ఆయన మీద జాలి లేకపోలేదు. ఉండాల్సినదానికన్నా ఎక్కువ లేకుండా చూసుకున్నాం.

ఒకనాడు సగ్స్ ఆవిడ ఇంటి యజమాని ఇచ్చిన నోటీసు పట్టుకుని కిందికి దిగింది. "ఊరికే ఉన్నారు కదా, ఇందులో ఏముందో చూడండి" అంది. ఆయన చూసి, జవాబు రాసిచ్చాడు. ఇంటాయన వెనక్కి తగ్గాడు. తర్వాతి వారం గుమ్మంలో నలుగురు. ఆ పై వారం మెట్ల దాకా వరస. మిల్లులో చెయ్యి పోగొట్టుకున్నవాడు, కొడుకుని జైల్లో పెట్టిన తల్లి, అందరూ వచ్చారు. ప్రభుత్వం జీతమిచ్చి పెట్టిన మనిషి ప్రభుత్వానికే నోటీసులు రాయడం మొదలుపెట్టాడు. అప్పుడు గాని శాసనసభకి ఆ కాలేజీ గుర్తుకు రాలేదు. ప్రజాధనం వృథా అవుతోందని చెప్పి, పుట్టించినంత వేగంగానూ మూసేసింది. క్రెన్షా పెట్టెలు సర్దుకుని అక్కగారి ఊరు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు పైకొచ్చి, టోపీ తీసి, "వస్తాను, మిస్ ఐడెల్లా" అన్నాడు. సగ్స్ ఆవిడ ఆశ్చర్యపడి నా వైపు చూసింది. నేను దువ్వెన వేడెక్కిందో లేదో చూసుకుంటూ, "మంచిదండీ" అన్నాను.

ఆ శరత్కాలంలో మా వాళ్ళు ఇంకో ఇద్దరు యూనివర్సిటీలో చేరారు. ఇప్పుడు యూనివర్సిటీకి తన మీద తనకే ముచ్చటేసింది. కొత్త విద్యార్థులకి పంచే పుస్తకం అట్ట మీద వెర్లీన్ ఫోటో వెయ్యాలనుకున్నారు. ముందురోజు నేనే శ్రద్ధగా జుట్టు తీర్చి పంపించాను.

మెట్ల మీద నిలబెట్టి, చేతిలో పుస్తకం పెట్టి, ఫోటో తీసేవాడు గంటసేపు అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడట. పక్కనే డీను నిలబడి, "కాస్త నవ్వాలమ్మా. ఇక్కడ అందరికీ ప్రవేశం ఉందని తెలియాలి కదా" అన్నాడట.

"చేర్చుకోమన్నారు గాని, నవ్వమని ఏ తీర్పులోనూ లేదండీ" అందట వెర్లీన్.

అలాగే తీశారు. పుస్తకం నా దగ్గర ఒకటుంది. కళ్ళు చిట్లించి, ఎదురుగా ఉన్నవాడి తప్పు పట్టుకోబోతున్నట్టు చూస్తూ ఉంటుంది. వచ్చినవాళ్ళంతా, ఇంత చక్కని పిల్ల నవ్వి ఉంటే ఇంకా బాగుండేదంటారు. నాకలా అనిపించదు. జుట్టు మాత్రం ఎడమ చెవి దగ్గర కొంచెం రేగింది, ఆ రోజు గాలి ఎక్కువగా ఉందట.